లైటు మిణుకుమంటే ఏ స్తోత్రం చదవాలి? ముందు మెయిన్ ఆఫ్ చేయండి



ఈ వారం వీడియోలో టైమ్ సరిపోక సగమే చెప్పగలిగిన విషయాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి. విషయం ఏమిటంటే, మీ ఇంట్లో గోడ మీద ఉన్న స్విచ్ బోర్డు. భక్తి ఛానెల్‌లో స్విచ్ బోర్డు ఏమిటండీ అనుకుంటున్నారా? చివరిదాకా చదివి మీరే చెప్పండి.

పోయిన నెలలో ఒక అమ్మాయి మెసేజ్ పెట్టింది. హైదరాబాద్‌లో ఉద్యోగం. కట్టి పాతికేళ్లు దాటిన అపార్ట్‌మెంట్‌లో అద్దెకు ఉంటున్నారట. "గురువుగారూ, మా హాల్లో లైటు రాత్రిపూట దానంతటదే మిణుకుమంటోంది. ఒక్కోసారి ఆరిపోయి మళ్లీ వెలుగుతోంది. స్విచ్ దగ్గర సన్నగా చిర్రుమని శబ్దం వస్తోంది. ఇంట్లో ఏదో ఉందని మా అత్తగారు భయపడుతున్నారు. పగలంతా ఆవిడ ఒక్కరే ఉంటారు. ఏ స్తోత్రం చదవమంటారు?"

నేను గురువుని కాను, పెద్దల దగ్గర విన్నదీ చదువుకున్నదీ పంచుకునేవాణ్ణి. అయినా అడిగారు కాబట్టి జవాబు ఇచ్చాను. మూడే ముక్కలు. ముందు ఆ గది మెయిన్ ఆఫ్ చేయండి. తెల్లారగానే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. స్తోత్రం సంగతి ఆ తర్వాత చెప్తాను.

ఆ అమ్మాయికి ఇంకో మాట కూడా రాశాను. అత్తగారిని చూసి నవ్వొద్దు తల్లీ. "ఇంట్లో ఏదో ఉంది" అని ఆవిడ అన్నది నిజమే. ఏముందో చెప్పడంలో తేడా వచ్చింది గానీ, ఉందని గమనించింది ఆవిడే. ఆఫీసుకు వెళ్లి వచ్చేవాళ్లు గమనించలేదు. గమనించినా "పాత బిల్డింగ్ కదా" అని వదిలేశారు. ఆ వదిలేయడం గురించే నేను ఈ రోజు మాట్లాడాలనుకుంటున్నది.

రెండు మాటల కథ

మనం రోజూ వాడే మాట ఒకటి ఉంది, ప్రమాదం. రోడ్డు ప్రమాదం, అగ్ని ప్రమాదం అంటాం. తెలుగులో ఈ మాటకి అర్థం జరిగిపోయిన చెడు, లేదా ముంచుకొస్తున్న ముప్పు. సంస్కృతంలో ఈ మాటకి మొదటి అర్థం వేరు. అక్కడ ప్రమాదం అంటే ఏమరుపాటు. చూడాల్సింది చూడకపోవడం, చేయాల్సింది చేయకుండా వదిలేయడం.

ఆలస్యం అనే మాట కూడా ఇలాంటిదే. మనకి ఆలస్యం అంటే లేటు. సంస్కృతంలో ఆలస్యం అంటే సోమరితనం, బద్ధకం.

గమనించారా? సంస్కృతంలో కారణానికి ఉన్న పేరుని తెలుగులో మనం ఫలితానికి పెట్టుకున్నాం. బద్ధకిస్తే లేటు అవుతుంది, ఏమరితే ముప్పు వస్తుంది. మనవాళ్లు కావాలనే ఇలా మార్చారని నేను అనను. భాషలో మాటలు అలా జరుగుతూ ఉంటాయి. కానీ ఒక నష్టం మాత్రం జరిగింది. "ప్రమాదం జరిగింది" అనగానే అది ఎక్కడి నుంచో వచ్చి మన మీద పడినట్టు అనిపిస్తుంది. పాత అర్థంలో అయితే ప్రమాదం మంటకంటే చాలా ముందే మొదలైంది. స్విచ్ వేడిగా తగిలినా చెయ్యి తీసేసి వెళ్లిపోయిన రోజునే అది జరిగిపోయింది.

భగవద్గీత 14వ అధ్యాయంలో కృష్ణుడు మూడు గుణాల గురించి చెప్తూ, తమోగుణం మనిషిని మూడు తాళ్లతో కడుతుందంటాడు. ప్రమాదం, ఆలస్యం, నిద్ర. మన రెండు మాటలూ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. తమస్సు అంటే చీకటి కదా. ఇంట్లో చీకటి పోగొట్టడానికి పెట్టుకున్న స్విచ్ దగ్గరే మనం తమోగుణంతో ఉంటే ఏమనాలి చెప్పండి!

మహాభారతం ఉద్యోగపర్వంలో ఇంకా గట్టిగా ఉంటుంది. నిద్ర పట్టక కొట్టుకుంటున్న ధృతరాష్ట్రుడికి సనత్సుజాతుడు బోధ చేస్తాడు. మృత్యువు లేదని మీరు చెప్తారట, నిజమా అని రాజు అడిగితే, ఏమరుపాటునే తాను మృత్యువు అంటానని, ఏమరకుండా ఉండటమే అమృతత్వమని ఆయన జవాబిస్తాడు. వేదాంతులు దీనికి చాలా లోతైన అర్థం చెప్పారు. మనిషి తన ఆత్మస్వరూపాన్ని మరచిపోవడమే అసలైన ప్రమాదం అని. ఆ అర్థం అలాగే ఉండనివ్వండి. కానీ కళ్లెదురుగా ఉన్న చిన్న విషయంలో ఏమరుపాటుగా ఉండేవాడికి ఆత్మ విషయంలో మెలకువ ఎక్కడి నుంచి వస్తుంది?

బోర్డు వెనక ఏముంది?

ఆ అమ్మాయి ఇంటికి మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చాడు. బోర్డు విప్పి ఫొటోలు తీసి పంపించింది. ఆ ఫొటోలు మా కాలనీలో ముప్పై ఏళ్లుగా వైరింగ్ పని చేస్తున్న ఒక పెద్దాయనకి చూపించి, పక్కన కూర్చోబెట్టుకుని అర్థం చేసుకున్నాను. ఇక్కడ రాస్తున్నది ఆయన చెప్పిందే.

ఆ బోర్డు మొదట రెండు లైట్లు, ఒక ఫ్యాన్, ఒక ప్లగ్ కోసం పెట్టింది. తర్వాత వచ్చినవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కొక్కటి కలిపారు. టీవీ పాయింట్, వైఫై రౌటర్, ఫాల్స్ సీలింగ్ లైట్లు, ఆ మధ్య ఫోన్‌తో లైట్లు వేయడానికి ఒక స్మార్ట్ మాడ్యూల్. పెట్టె మాత్రం అదే. వైర్లన్నీ కుక్కి, పైన ప్లేటు పెట్టి, స్క్రూలు బిగించి మూసేశారు. బయటికి కొత్త ప్లేటు, చక్కగా తెల్లగా మెరుస్తోంది.

ఇలా ఇరికిస్తే ఏమవుతుంది? ఒక్కో టెర్మినల్‌లో మూడు నాలుగు వైర్లు దూరుస్తారు. స్క్రూ ఒకదాన్ని పట్టుకుంటుంది, పక్కది వదులుగా ఉండిపోతుంది. ప్లేటు బలవంతంగా నొక్కినప్పుడు వైరు మడతపడి టెర్మినల్ నుంచి కాస్త బయటికి లాగినట్టు అవుతుంది. ఇనప పెట్టె అంచుకి రాసుకుని వైరు పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగు కోసుకుపోతుంది. వేడి పుడితే బయటికి పోవడానికి ఖాళీ ఉండదు. ఆ ఫొటోలో న్యూట్రల్ వైర్లు ఐదింటిని కలిపి మెలేసి టేపు చుట్టారు. టేపు ఎండిపోయి ఊడింది. లోపల వైరు నల్లగా కమిలిపోయింది. లైటు మిణుకుమనడానికి కారణం ఆ వదులైన అతుకే. చిర్రుమన్నది అక్కడ రేగుతున్న నిప్పురవ్వ.

వదులుగా ఉన్న అతుకు ఎంత వేడెక్కుతుందో ఒక చిన్న లెక్క చెప్తాను. ఇంట్లో గీజర్ 2000 వాట్లది అనుకోండి. మన కరెంటు 230 వోల్టులు. అంటే ఆ వైరులో దాదాపు 8.7 ఆంపియర్లు పోతుంది. బిగుతుగా ఉన్న అతుకులో నిరోధం దాదాపు లేనట్టే. అదే వదులై అర ఓమ్ నిరోధం వచ్చిందనుకుందాం. కరెంటుని కరెంటుతో గుణించి, నిరోధంతో గుణిస్తే వచ్చేది వేడి. సుమారు 38 వాట్లు. రేడియో రిపేరు చేసే షాపులో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ చూశారా? మామూలుగా అది 25 వాట్లది. అంతకంటే ఎక్కువ వేడి ఒక చిన్న అతుకు దగ్గర, గోడలో, గాలి ఆడని ప్లాస్టిక్ మధ్య పుడుతోందన్నమాట. మీరు గీజర్ వేసుకుని స్నానం చేసి, పూజ చేసుకుని వచ్చేదాకా.

"ఎంసీబీ ఉంది కదండీ, పడిపోతుంది కదా" అంటారు. ఎంసీబీ ఓవర్‌లోడ్ అయితే పడుతుంది, షార్ట్ సర్క్యూట్ అయితే పడుతుంది. వదులు అతుకులో పోయే కరెంటు మామూలు కరెంటే కాబట్టి దానికి తేడా తెలియదు. ఆర్‌సీసీబీ అనేది కరెంటు భూమిలోకి లీకయితే పడిపోతుంది. ఇళ్లలో వాడేది 30 మిల్లీ ఆంపియర్లది. షాక్ నుంచి ప్రాణం కాపాడేది అదే, తప్పకుండా ఉండాలి. కానీ వదులు అతుకుని అదీ పసిగట్టలేదు. అక్కడ కాపలా ఉండాల్సింది మన కన్ను, మన చెయ్యి, మన ముక్కు.

ధర్మరాజు ముక్కు

ముక్కు అంటే గుర్తొచ్చింది. లక్క ఇల్లు కథ మీ అందరికీ తెలుసు. భారతం ఆదిపర్వంలోది, నన్నయగారి తెలుగులోనూ ఉంది. వారణావతంలో పురోచనుడు పాండవుల కోసం అందమైన భవనం కట్టించాడు. గోడల్లో లక్క, నెయ్యి, గుగ్గిలం లాంటి మండే వస్తువులు. బయటికి చూస్తే రాజభవనం. బయలుదేరే ముందు విదురుడు ధర్మరాజుకి ఇతరులకు అర్థం కాని భాషలో హెచ్చరిక చేశాడు. లోహంతో చేయని ఆయుధం ఒకటుంది, అడవిని కాల్చేది కన్నంలో ఉన్న ప్రాణిని కాల్చలేదు అని.

ధర్మరాజు ఆ ఇంట్లో అడుగు పెట్టగానే చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? వాసన చూశాడు. నెయ్యి, లక్క కలిసిన వాసన పసిగట్టి భీముడికి చెప్పాడు. ఆ తర్వాత విదురుడు పంపిన గని తవ్వేవాడితో నేల కింద సొరంగం తవ్వించుకున్నారు. ఏడాది పాటు ఆ ఇంట్లోనే ఉంటూ, పైకి మామూలుగా కనిపిస్తూ, లోపల మాత్రం ఏమరకుండా ఉన్నారు.

ఆ పాండవులకి దైవబలం తక్కువా? ధర్ముడి కొడుకు, వాయువు కొడుకు, ఇంద్రుడి కొడుకు, అశ్వినీ దేవతల కొడుకులు. అయినా ఏ దేవుడూ దిగి వచ్చి ఆ గోడలు చల్లార్చలేదు. పెద్దాయన చెప్పిన మాట విన్నారు, ముక్కుకి తగిలిన వాసనని నమ్మారు, పని తెలిసిన పనివాణ్ణి పిలిపించారు. దైవసహాయం వచ్చిన దారి అదే. మనకి మాత్రం కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చినప్పుడు అగరబత్తి వెలిగించాలనిపిస్తుంది!

దేవకార్యం కంటే ముందు వరసలో

తైత్తిరీయ ఉపనిషత్తు శీక్షావల్లిలో చదువు పూర్తయి ఇంటికి వెళ్తున్న శిష్యుడికి గురువు చెప్పే మాటలు ఉన్నాయి. తల్లినీ తండ్రినీ దైవంగా చూడమనే ప్రసిద్ధమైన మాట అక్కడిదే. దానికి కాస్త ముందు గురువు ఒక జాబితా చెప్తాడు, వీటిలో ఏమరుపాటు పనికిరాదు అని. సత్యం, ధర్మం, కుశలం, అభివృద్ధి, చదువు చెప్పడం చదవడం, ఆ తర్వాత దేవకార్యం, పితృకార్యం.

వరస చూడండి. సత్యం, ధర్మం తర్వాత వెంటనే కుశలం. కుశలం అంటే ఏమిటి? శంకర భాష్యం ప్రకారం తనను తాను కాపాడుకోవడానికి చేసే పని. అంటే ఈ కాలం మాటలో చెప్పాలంటే సేఫ్టీ. పూజ, శ్రాద్ధం కూడా జాబితాలో ఉన్నాయి, వాటినీ ఏమరకూడదు. కానీ కుశలం అంతకంటే ముందే వచ్చింది. "పూజ అయ్యాక చూద్దాం, పండగ అయ్యాక చేయిద్దాం" అని బోర్డు పనిని వాయిదా వేసేవాళ్లు ఈ వరసని ఒకసారి తలుచుకోండి.

వాస్తు గురించి నాకు వచ్చే ప్రశ్నలకి లెక్కలేదు. మెయిన్ బోర్డు ఆగ్నేయంలో ఉండాలా, ఉత్తరంలో ఉంటే దోషమా అని అడుగుతారు. అగ్నికి ఆగ్నేయం అన్నది మన సంప్రదాయం, కొత్తగా కట్టుకునేవాళ్లు వీలుంటే అలా పెట్టుకోండి, మంచిదే. కానీ బోర్డు ఏ దిక్కున ఉందని అడిగినవాళ్లలో, బోర్డు లోపల ఎలా ఉందని అడిగినవాళ్లు ఇప్పటిదాకా నాకు తగల్లేదు. ఆగ్నేయంలో ఉన్న వదులు వైరు కూడా కాలుతుంది నాయనా!

ఆరో చోటు

ధర్మశాస్త్రాల్లో పంచసూనలు అని చెప్తారు. గృహస్థు తెలియకుండానే ప్రాణులకి హాని చేసే ఐదు చోట్లు. పొయ్యి, నూరే రాయి, చీపురు, రోలు రోకలి, నీళ్ల కుండ. పొయ్యిలో, చీపురు కింద చీమలూ పురుగులూ పోతాయి. కావాలని ఎవరూ చేయరు. అయినా పెద్దలు "తెలియక జరిగింది కదా" అని కొట్టిపారేయలేదు. దానికి ప్రాయశ్చిత్తంగా రోజూ పంచమహాయజ్ఞాలు చేయమన్నారు. ఆ ఐదింటిలో మనుష్యయజ్ఞం ఒకటి, అంటే ఇంటికి వచ్చిన మనిషిని ఆదరించడం.

చీమ విషయంలోనే అంత ఆలోచించిన ధర్మం మనది. ఈ రోజుల్లో ఇంట్లో ఆరో చోటు ఒకటి చేరింది, స్విచ్ బోర్డు. అక్కడ హాని చీమకి కాదు, మనిషికి. ఏ మనిషికి? ఆలోచించండి. తడి చేత్తో వంటింటి స్విచ్ వేసేది ఎవరు? అమ్మ. గిన్నెలు కడిగి అదే చేత్తో మోటారు ఆన్ చేసేది ఎవరు? పని చేయడానికి వచ్చే అక్క. ప్లగ్గు కన్నంలో వేలు పెట్టేది ఎవరు? పాకే పసివాడు. బోర్డు బాగు చేయించే డబ్బూ అధికారం మీ చేతిలో ఉన్నాయి, షాక్ మాత్రం వాళ్ల చేతికి తగులుతుంది.

ఊళ్లో నుంచి వచ్చిన అమ్మ "స్విచ్ కాస్త జివ్వుమంటోంది నాన్నా" అని ఒకసారి అంటుంది. రెండోసారి అనదు. పిల్లాడు ఆఫీసు టెన్షన్‌లో ఉన్నాడు, ఎందుకు విసిగించడం అనుకుని చెక్క గరిటెతో స్విచ్ నొక్కడం నేర్చుకుంటుంది. మీ ఇంట్లో ఎవరైనా ఏ స్విచ్‌నైనా ఇలా ప్రత్యేకంగా వేస్తున్నారా? చీర కొంగు అడ్డం పెట్టుకునో, పెన్నుతోనో? ఈ రోజే అడగండి. తల్లిని దైవంగా చూడటం అక్కడి నుంచి మొదలవుతుంది.

ఇక పని

మన పరిధి ఏమిటో ముందు చెప్పుకుందాం. చూడటం, వినడం, వాసన పట్టడం, మెయిన్ ఆఫ్ చేయడం మన పని. బోర్డు విప్పడం లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ పని. యూట్యూబ్‌లో చూసి విప్పేయకండి. స్విచ్ ఆఫ్ చేసినా దాని వెనక ఫేజ్ వైరులో కరెంటు ఉంటూనే ఉంటుంది. మెయిన్ ఆఫ్ చేస్తే తప్ప అది పోదు.

ఈ ఆదివారం ఒక అరగంట పెట్టుకుని ఇంట్లో ప్రతి బోర్డు దగ్గరా ఒక్క నిమిషం నిలబడండి. ప్రదక్షిణ అనుకోండి, తప్పులేదు. చూడాల్సినవి ఇవి:

స్విచ్ గానీ ప్లగ్ గానీ వేడిగా ఉందా? పాత రకం ఫ్యాన్ రెగ్యులేటర్ కొంచెం వెచ్చబడటం మామూలే, లైటు స్విచ్ వేడెక్కడం మామూలు కాదు. ప్లేటు మీద గోధుమ రంగు మరక, కరిగిన గుర్తు ఉందా? చిర్రుమనే శబ్దం ఉందా? కాలిన ప్లాస్టిక్ వాసన గానీ, వంటతో సంబంధం లేని చేపల కంపు లాంటి వాసన గానీ వస్తోందా? స్విచ్ సగంలో ఆగిపోతోందా? ప్లగ్ పెడితే ఊగుతోందా? ఆఫ్ చేసినా ఎల్‌ఈడీ బల్బు మసకగా వెలుగుతోందా? ఈ చివరిదానికి ఒక్కోసారి హాని లేని కారణం ఉండొచ్చు, కానీ స్విచ్‌ని ఫేజ్‌కి బదులు న్యూట్రల్‌కి పెట్టినా అలా అవుతుంది. అప్పుడు స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. బల్బు మార్చేవాడి ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి చూపించండి.

ఒకటి మాత్రం ఆగకూడని సంగతి. కొన్ని లైట్లు మరీ ఎక్కువ వెలుగుతూ, కొన్ని మసకబారుతూ ఉంటే మెయిన్ న్యూట్రల్ ఊడి ఉండొచ్చు. త్రీ ఫేజ్ ఉన్న చోట వోల్టేజ్ బాగా పెరిగిపోతుంది. వెంటనే మెయిన్ ఆఫ్ చేసి పిలవండి, ఎంత రాత్రయినా సరే.

ఎలక్ట్రీషియన్ వచ్చాక ఏం అడగాలి? ఇరుకైన బోర్డు అయితే స్విచ్ ఒక్కటే మార్చి వెళ్లిపోవద్దని చెప్పండి. పెద్ద పెట్టె వేయించండి. ఆరు మాడ్యూళ్ల చోట ఎనిమిదో పన్నెండో. గోడ పగలగొట్టడం కుదరకపోతే పక్కన గోడ పైకి ఇంకో సర్ఫేస్ బాక్స్ పెట్టి సగం పాయింట్లు అందులోకి మార్చమనండి. వాడని పాత వైర్లు తీయించేయండి. మెలేసి టేపు చుట్టిన అతుకుల చోట కనెక్టర్లు వాడమనండి. పాత ఇళ్లలో అల్యూమినియం వైరు ఉంటే, దాన్ని రాగి వైరుతో ఊరికే మెలేయకూడదు, ఆ అతుకు పాడైపోతుంది. బిగించాక ఒక్కో వైరునీ మెల్లగా లాగి చూడమనండి. లైట్లకి 1.5, పెద్ద ప్లగ్గులకి 2.5, ఏసీ, గీజర్లకి 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వాడటం మామూలు పద్ధతి. 6 ఆంపియర్ల ప్లగ్‌లో అడాప్టర్ పెట్టి గీజర్ లాంటివి నడపొద్దు, వాటికి 16 ఆంపియర్లది ఉండాలి. స్విచ్ మీద ఐఎస్ 3854, వైరు మీద ఐఎస్ 694 అని ఐఎస్ఐ గుర్తుతో ఉందో లేదో చూసుకోండి. పచ్చ వైరు ఎర్త్‌ది. దాన్ని మడిచి పక్కన పెట్టేస్తే ఒప్పుకోకండి.

ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే అది కాపలా కాయట్లేదని అర్థం. మా ఇంట్లో ప్రతి పౌర్ణమికి నొక్కుతాం, తేదీ గుర్తుంటుందని.

ఎవరికైనా షాక్ కొడితే ముట్టుకోకండి. ముందు మెయిన్ ఆఫ్. అది వీలు కాకపోతే పొడి కర్రతో విడిపించి 108కి ఫోన్ చేయండి. బోర్డులో మంట వస్తే నీళ్లు పోయకండి. మెయిన్ ఆఫ్ చేసి, అందరినీ బయటికి పంపి 101కి చేయండి.

విశ్వకర్మకి గ్లాసు నీళ్లు

ఒక మాట మనసు విప్పి చెప్తాను. ఆ బోర్డులన్నీ అలా ఇరుకుగా తయారవడానికి కారణం పనివాడు ఒక్కడే కాదు. "ఇందులోనే అడ్జస్ట్ చెయ్యి బ్రదర్, కొత్త పెట్టె ఎందుకు, మళ్లీ పెయింటింగ్ పాడవుతుంది" అన్నది మనం. అరగంట పనికి ఇంత ఇవ్వాలా అని బేరమాడింది మనం. అతను కుదరదన్నా కుదర్చమన్నది మనం.

దసరాకి ఆయుధపూజ చేస్తాం. మీటరుకి, బోర్డుకి కూడా పసుపు కుంకుమ పెట్టే ఇళ్లున్నాయి. మంచి ఆచారం. తడిగుడ్డతో తుడవకుండా, మెయిన్ ఆపి, పొడి చేత్తో పక్క గోడకి బొట్టు పెట్టండి చాలు. కానీ పనిముట్టుకి దణ్ణం పెట్టి పనివాణ్ణి ఈసడిస్తే ఆ పూజ ఎవరికి చేరినట్టు? అతను వచ్చినప్పుడు నిచ్చెన పట్టుకోండి. మంచినీళ్లు ఇవ్వండి. తొందర పెట్టకండి. అడిగిన కూలి న్యాయమైతే ఇచ్చేయండి. గోడలో కనిపించని చోట నిజాయితీగా పని చేసేవాడు మీ ఇంట్లో విశ్వకర్మ. మనుష్యయజ్ఞం అంటే అదే.

అద్దెకి ఉన్నవాళ్లు "ఓనరు చేయించాలి, మనకెందుకు" అంటారు. ఓనర్లు "వాడుకునేది వాళ్లు" అంటారు. ఓనర్లకి చెప్తున్నాను, అద్దె తీసుకున్నంత కాలం ఆ గోడలో ఉన్నది మీ బాధ్యత. అద్దెకున్నవాళ్లకి చెప్తున్నాను, ఫొటో తీసి పంపించండి, జవాబు రాకపోతే ముందు చేయించుకుని తర్వాత లెక్క మాట్లాడండి. లెక్కలు ఎప్పుడైనా తేల్చుకోవచ్చు, ముందు ఇంట్లో మనుషులు క్షేమంగా ఉండాలి.

దేవుడి గది కూడా చూడండి

చివరగా, పూజగది. ఇంట్లో అన్నిటికంటే పాత ఎక్స్‌టెన్షన్ బోర్డు చాలా ఇళ్లలో అక్కడే ఉంటుంది! దేవుడి పటం వెనక సీరియల్ లైట్ల వైరు, దాని పక్కనే నూనె దీపం, పైన పూలదండ, కింద నూనె కారి దుమ్ము పట్టిన ప్లగ్గు. అభిషేకం చేసిన తడి చేత్తోనే లైటు వేస్తాం. దీపానికీ స్విచ్ బోర్డుకీ వైర్లకీ మధ్య బాగా ఎడం ఉంచండి. చెయ్యి తుడుచుకుని స్విచ్ ముట్టుకోండి. రాత్రి పడుకునే ముందు సీరియల్ లైట్లు తీసేయండి. స్వామికి మన భక్తి కావాలి గానీ, చైనా లైటు రాత్రంతా వెలగడం అవసరం లేదు.

మన ఇళ్లలో పెద్దవాళ్లకి ఒక అలవాటు ఉంది. సాయంత్రం చీకటి పడ్డాక ఇంట్లో మొదటి లైటు వెలగగానే చేతులు జోడిస్తారు. నూనె దీపమా కరెంటు బల్బా అని చూడరు. వెలుగు ఏదైనా లక్ష్మీదేవే. మీలో చాలామంది ఈ అలవాటు మానేసి ఉంటారు. మళ్లీ మొదలుపెట్టండి. దణ్ణం పెట్టిన ఆ అరక్షణం ఆగి, స్విచ్ ఎలా ఉంది, లైటు నిలకడగా ఉందా, ఏదైనా వాసన వస్తోందా అని కూడా చూడండి. రోజూ ఒక్క అరక్షణం ఏమరకుండా ఉండటం కూడా సాధనే.

స్తోత్రం ఏదని అడిగారు కదా. బోర్డు బాగు చేయించుకున్నాక, ఆ రోజు సాయంత్రం దీపం పెట్టి మీ ఇలవేల్పు పేరు పదకొండు సార్లు తలుచుకోండి, చాలు. భయంతో చేసే జపం కంటే చేయాల్సిన పని చేసి, నిశ్చింతగా చేసే జపం రుచిగా ఉంటుంది.

వచ్చే వారం పంచమహాయజ్ఞాలని ఉద్యోగాలు చేసుకునేవాళ్లు ఎలా పాటించవచ్చో వివరంగా మాట్లాడుకుందాం. అప్పటిదాకా, మీ అమ్మగారికి ఒక ఫోన్ చేసి "ఇంట్లో ఏ స్విచ్ అయినా ఇబ్బంది పెడుతోందా అమ్మా?" అని అడగండి.

శుభం భూయాత్.